పీహెచ్‌పీని దాని స్వభావం తెలుసుకొని రాయడం ఎలా

వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీని ఇష్టపడేవారినీ, దానితో విసిగిపోయినవారినీ కారణం అడిగితే, ఇద్దరూ వేలెత్తి చూపేది చాలావరకు అది పెరిగిన తీరునే. 1994లో రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత వెబ్ పేజీ అవసరాల కోసం సీ భాషలో రాసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములే ఈ భాషకు మూలం. 1995 జూన్‌లో ఆయన వాటిని అందరికీ అందుబాటులో పెట్టారు. 1998లో వచ్చిన మూడవ వెర్షన్‌కు జీవ్ సురాస్కీ, యాండీ గుట్‌మాన్స్ దాదాపు కొత్తగా పునాది వేశారు. ముందుగా ఒక ప్రణాళిక గీసుకొని కట్టిన భాష కాదిది. అవసరం వచ్చినప్పుడల్లా ఒక ఫంక్షన్ చేరుతూ పెరిగింది. ఆ పెరుగుదలలో రెండు అలవాట్లు స్థిరపడ్డాయి. ఎక్కడ ఏ చిన్న పొరపాటు ఉన్నా పేజీని ఎలాగోలా పూర్తిచేసి పంపాలన్నది మొదటిది, పేజీ వెళ్లిపోగానే జ్ఞాపకంలో ఉన్నదంతా తుడిచివేయాలన్నది రెండవది. పీహెచ్‌పీ పెట్టే ఇబ్బందుల్లో అధికభాగం మొదటి అలవాటు నుండి, దాని ఆకర్షణలో అధికభాగం రెండవదాని నుండి వస్తాయని నా అభిప్రాయం. కాబట్టి రెండవదాన్ని పూర్తిగా వాడుకుంటూ, మొదటిదానికి మనంతట మనమే కళ్లెం వేసుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ప్రోగ్రామింగ్‌తో కొంత పరిచయం ఉండి పీహెచ్‌పీకి కొత్తగా వచ్చినవారికీ, ఎవరో రాసి వదిలిన పాత పీహెచ్‌పీ కోడ్ బాధ్యత మీద పడినవారికీ ఇది ఉపయోగపడుతుంది.

ముందుగా ఆకర్షణ ఎక్కడ ఉందో చూడండి

బ్రౌజర్ నుండి ఒక అభ్యర్థన రాగానే పీహెచ్‌పీ ఖాళీ స్థితిలో మొదలవుతుంది, మీ ఫైలును పైనుండి కిందికి నడిపిస్తుంది, ఫలితాన్ని పంపి ముగుస్తుంది. ఒకరి అభ్యర్థనలోని వేరియబుల్ మరొకరి అభ్యర్థనలోకి చొరబడే అవకాశం ఉండదు. మెమరీని వదలడం మరచిపోయినా ఆ నష్టం ఒక్క పేజీతోనే ఆగిపోతుంది. ఒక పేజీలో ఘోరమైన ఎర్రర్ వచ్చి ప్రోగ్రాము కూలిపోయినా, మరుక్షణం వచ్చే సందర్శకునికి సైటు మామూలుగానే కనబడుతుంది. నిరంతరం నడుస్తూ ఉండే సర్వర్ ప్రోగ్రాములు రాసినవారికి ఇది ఎంత పెద్ద నిశ్చింతో వెంటనే అర్థమవుతుంది. నేర్చుకునే దశలో దీని ఫలితం మరింత స్పష్టంగా కనబడుతుంది: ఫైలులో ఒక వరుస మార్చి, సేవ్ చేసి, బ్రౌజర్‌లో రిఫ్రెష్ చేస్తే చాలు, మధ్యలో కంపైల్ చేయవలసిన అవసరం గాని, సర్వర్‌ను ఆపి మళ్లీ నడపవలసిన అవసరం గాని ఉండదు.

దీనికోసం మొదటిరోజే అపాచీ వెబ్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అన్నీ కలిసిన పెద్ద ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకోనవసరం లేదు. 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుండి పీహెచ్‌పీలోనే ఒక చిన్న వెబ్ సర్వర్ ఉంది. టెర్మినల్‌లో మీ ఫోల్డరుకు వెళ్లి, పీహెచ్‌పీ కమాండుకు పెద్ద ఎస్ ఆప్షన్‌ను జతచేసి, లోకల్‌హోస్ట్ అనీ 8000 పోర్టు అనీ ఇస్తే పేజీలు బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. ఇది మీ కంప్యూటర్‌లో సాధన చేయడానికి మాత్రమే. ప్రజలు చూసే సైటును దీనిమీద నడపకూడదు. వెర్షన్ ఎంపికలో మాత్రం రాజీ పడవద్దు. ఏటా నవంబరు ప్రాంతంలో ఒక కొత్త వెర్షన్ వస్తుంది, ప్రతి వెర్షన్‌కూ కొన్నేళ్లపాటే భద్రతా సవరణలు అందుతాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలలో చాలా భాగం ఐదవ వెర్షన్ కాలంనాటివి. వాటిలోని కోడ్‌ను యథాతథంగా తీసుకుంటే, ఈ భాష ఎప్పుడో వదిలించుకున్న చెడ్డ అలవాట్లను మీరు కొత్తగా నేర్చుకున్నవారవుతారు.

ఎర్రర్లను దాచనివ్వకండి

తెల్లటి ఖాళీ పేజీ కనబడి, ఏం జరిగిందో ఒక్క ముక్క కూడా తెలియని పరిస్థితి పీహెచ్‌పీ రాసే ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. సాధారణంగా దీని అర్థం ఘోరమైన ఎర్రర్ వచ్చిందని, దాన్ని తెరమీద చూపవద్దని సెట్టింగులలో ఉందని. పీహెచ్‌పీ డాట్ ఐఎన్‌ఐ ఫైలులో డిస్‌ప్లే ఎర్రర్స్ అనే సెట్టింగును మీ సొంత కంప్యూటర్‌లో ఆన్‌లో ఉంచండి. ప్రజలు చూసే సర్వర్‌లో దాన్ని ఆఫ్ చేసి, లాగ్ ఎర్రర్స్‌ను ఆన్ చేసి, ఆ లాగ్ ఫైలు ఎక్కడ ఉందో ముందే తెలుసుకొని పెట్టుకోండి. ఎర్రర్ రిపోర్టింగ్ స్థాయి ఎప్పుడూ అన్నిటినీ చూపే ఈ-ఆల్ దగ్గరే ఉండాలి. ఎనిమిదవ వెర్షన్ నుండి సహజ స్థితి కూడా ఇదే.

ఇంతటితో ఆగకూడదు. లేని వేరియబుల్‌ను చదివినా, అర్రేలో లేని కీని అడిగినా పీహెచ్‌పీ ఒక హెచ్చరిక ఇచ్చి, ఆ విలువను నల్‌గా భావించి ముందుకు సాగిపోతుంది. పేజీని ఎలాగోలా పూర్తిచేయాలన్న పాత అలవాటు ఇక్కడ కనబడుతుంది. అసలు తప్పు ఒకచోట జరిగితే, దాని ఫలితం వంద వరుసల తర్వాత తప్పుడు మొత్తంగానో, ఖాళీ పేరుగానో బయటపడుతుంది. సెట్ ఎర్రర్ హ్యాండ్లర్ అనే ఫంక్షన్ ద్వారా ప్రతి హెచ్చరికనూ ఎర్రర్ ఎక్సెప్షన్‌గా మార్చే నాలుగు వరుసల కోడ్‌ను ప్రాజెక్టు మొదట్లోనే రాసుకుంటే, ప్రోగ్రాము తప్పు జరిగిన వరుసలోనే ఆగుతుంది. ఈ ఒక్క మార్పు చేయగల మేలు అంతా ఇంతా కాదు. అలాగే, ఎర్రర్‌ను మింగేసే @ గుర్తును కొత్త కోడ్‌లో వాడకండి. పాత కోడ్‌లో అది కనబడిన ప్రతిచోటా ఏదో ఒక సమస్య దాక్కొని ఉందని భావించి వెదకండి.

హెడర్లు (పేజీకి ముందుగా బ్రౌజర్‌కు వెళ్లే సమాచార వరుసలు) అప్పటికే వెళ్లిపోయాయని చెప్పే ప్రసిద్ధమైన ఎర్రర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కుకీలు, సెషన్, మరో పేజీకి మళ్లించడం వంటివన్నీ హెడర్ల ద్వారా జరుగుతాయి. పేజీలోని అసలు విషయం ఒక్క అక్షరమైనా బయలుదేరాక హెడర్లు పంపడం సాధ్యం కాదు. చిక్కు ఏమిటంటే, ఆ ఒక్క అక్షరం కంటికి కనబడనిదై ఉండవచ్చు. ఫైలు చివర ?> తర్వాత మిగిలిపోయిన ఖాళీ వరుసలు కావచ్చు, లేదా ఎడిటర్ ఫైలు మొదట్లో చేర్చిన బామ్ అనే మూడు బైట్లు కావచ్చు. పూర్తిగా పీహెచ్‌పీ మాత్రమే ఉన్న ఫైలులో ముగింపు ?> అసలు రాయకండి, ఫైళ్లను బామ్ లేని యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. ఎర్రర్ సందేశంలో ఔట్‌పుట్ ఏ ఫైలులో, ఎన్నవ వరుసలో మొదలైందో కూడా ఉంటుంది; చాలామంది ఆ సగం చదవకుండానే వెదుకులాట మొదలుపెడతారు.

పోలికలు, అర్రేలు

== గుర్తు రెండు విలువలను పోల్చే ముందు వాటిని ఒకే రకానికి మార్చడానికి ప్రయత్నిస్తుంది. ఫారంలోంచి వచ్చేదంతా స్ట్రింగే కాబట్టి, తొలినాళ్లలో అది సౌకర్యంగా తోచింది. ఎనిమిదవ వెర్షన్‌కు ముందు 0 అనే సంఖ్యను అంకెలే లేని ఏ పదంతో పోల్చినా సమానమనే జవాబు వచ్చేది. 2020లో దాన్ని సరిచేశారు. అయితే రెండు వైపులా సంఖ్యలా కనబడే స్ట్రింగులు ఉంటే వాటిని సంఖ్యలుగా పోల్చే పద్ధతి నేటికీ ఉంది, కాబట్టి "1", "01" సమానమే అవుతాయి. దీనివల్ల కలిగే ప్రమాదానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 240610708 అనే స్ట్రింగుకు ఎండీ5 హ్యాష్ (పాఠం నుండి రాబట్టే స్థిరమైన పొడవున్న సంకేతం) లెక్కిస్తే, మొదట సున్నా, తర్వాత ‘ఈ’ అనే ఇంగ్లిషు అక్షరం, ఆపై అన్నీ అంకెలే వస్తాయి. పీహెచ్‌పీ దాన్ని సున్నాను పది ఘాతంతో గుణించినట్లుగా, అంటే సున్నాగా చదువుతుంది. అటువంటి రెండు వేర్వేరు హ్యాష్‌లను == తో పోలిస్తే రెండూ ఒకటే అన్న జవాబు వస్తుంది; లాగిన్ తనిఖీలో ఇదే జరిగితే తలుపు తెరుచుకున్నట్లే.

కాబట్టి ఎల్లప్పుడూ === వాడండి. స్విచ్ కూడా లోపల == పద్ధతినే అనుసరిస్తుంది కనుక, దాని స్థానంలో 8.0లో వచ్చిన మ్యాచ్‌ను వాడండి. ఇన్-అర్రే ఫంక్షన్‌కు మూడవ ఆర్గ్యుమెంటుగా ట్రూ ఇవ్వడం మరువకండి. ఎంప్టీ అనే పరీక్ష "0" అనే స్ట్రింగును కూడా ఖాళీ కిందే లెక్కగడుతుందన్నది గుర్తుంచుకోండి. పిల్లల సంఖ్య అడిగే గడిలో ఎవరైనా సున్నా రాస్తే, ఆ గడి నింపలేదని మీ ఫారం వారిని తప్పుపడుతుంది. ప్రతి ఫైలు మొదటి వరుసలో స్ట్రిక్ట్ టైప్స్ ప్రకటన రాసి, ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్లకూ తిరిగి ఇచ్చే విలువకూ టైపులు పేర్కొనండి. ఆ ప్రకటన ఏ ఫైలులో ఉంటే ఆ ఫైలు నుండి వెళ్లే పిలుపులకు మాత్రమే వర్తిస్తుంది, కనుక ఒకచోట రాసి ఊరుకుంటే సరిపోదు.

ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్ల క్రమం గురించిన ఫిర్యాదు పాతదే, న్యాయమైనదే. స్ట్రింగులో వెదికే ఫంక్షన్లకు ముందు వెదికే చోటు, తర్వాత వెదికే మాట ఇవ్వాలి. అర్రేలో వెదికే ఫంక్షన్లకు దీనికి తలకిందులు. ఈ ఒక్క సూత్రం చాలావరకు నిలుస్తుంది. అర్రే-మ్యాప్‌కు ముందు ఫంక్షన్, అర్రే-ఫిల్టర్‌కు ముందు అర్రే ఇవ్వాలన్నదానికి మాత్రం ఏ సూత్రమూ లేదు; దానికి ఎడిటర్ చూపే సూచనలే దిక్కు.

అర్రే విషయానికి వస్తే, ఈ భాషలో నాకు అత్యంత ఇష్టమైన భాగం అదే. వరుస జాబితా, కీలతో కూడిన పట్టిక రెండూ ఒకే వస్తువు, పైగా చేర్చిన క్రమం ఎప్పటికీ చెదరదు. డేటాబేస్ నుండి వచ్చిన వరుసలను జిల్లాలవారీగా గుంపులు చేయడం వంటి పనులు మూడు నాలుగు వరుసల్లో ముగుస్తాయి. అర్రేను మరో ఫంక్షన్‌కు ఇచ్చినప్పుడు అది నకలుగానే వెళ్తుంది కనుక, ఆ ఫంక్షన్ దాన్ని మార్చినా మీ దగ్గరున్నది భద్రంగా ఉంటుంది. ఇంతటి సౌలభ్యానికి రెండుచోట్ల మూల్యం చెల్లించాలి. అర్రే-ఫిల్టర్ కొన్ని అంశాలను తీసివేశాక మిగిలినవాటి పాత కీలను అలాగే ఉంచుతుంది; 0, 2, 5 అంటూ కీలు తెగిపోయిన ఆ అర్రేను జేసన్‌గా (ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే పాఠ రూపం) మార్చితే, జాబితాకు బదులు ఆబ్జెక్టు వస్తుంది, అటువైపు జావాస్క్రిప్ట్ కోడ్ తెల్లబోతుంది. మీ పరీక్షలో చివరి అంశాలు మాత్రమే తొలగితే ఈ తప్పు బయటపడదు, అందుకే ఇది అసలు సైటులోనే కనబడుతుంది. జేసన్‌గా పంపే ముందు అర్రే-వ్యాల్యూస్ ఫంక్షన్‌తో కీలను తిరిగి వరుసలో పెట్టండి.

రెండవది ఫోర్‌ఈచ్‌లో & గుర్తుతో రెఫరెన్సు తీసుకోవడం. లూప్ ముగిసినా ఆ వేరియబుల్ అర్రేలోని చివరి అంశానికే అతుక్కొని ఉంటుంది. అదే పేరుతో మరో లూప్ నడిపితే, ఒక్కొక్క విలువ వచ్చి ఆ చివరి అంశం మీద పడుతుంది. ఆఖరుకు చివరి రెండు స్థానాల్లోనూ ఒకే విలువ మిగులుతుంది. లూప్ ముగియగానే ఆ వేరియబుల్‌ను అన్‌సెట్ చేయడం ఒక మార్గం. రెఫరెన్సులను అసలు వాడకుండా కొత్త అర్రేను కట్టుకోవడం అంతకన్నా మంచి మార్గం.

తెలుగు అక్షరాలతో పనిచేసేటప్పుడు

ఇంగ్లిషు పాఠాలు ఈ భాగాన్ని దాదాపు వదిలేస్తాయి, కాని తెలుగులో సైటు నడిపేవారికి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పీహెచ్‌పీ దృష్టిలో స్ట్రింగ్ అంటే బైట్ల వరుస, అంతే. యూనికోడ్‌ను భాషలోనే ఇమడ్చాలన్న సంకల్పంతో మొదలైన ఆరవ వెర్షన్ పూర్తికాకుండానే ఆగిపోయింది. ఐదు తర్వాత నేరుగా ఏడు రావడానికి కారణం అదే. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాట పొడవును స్ట్ర్‌లెన్‌తో అడిగితే 18 వస్తుంది. ఎంబీ-స్ట్ర్‌లెన్‌తో అడిగితే గుణింతపు గుర్తులను విడిగా లెక్కించి 6 అంటుంది. మనం వేళ్లమీద లెక్కపెట్టే 3 కావాలంటే, ఇంటల్ అనే ఎక్స్‌టెన్షన్‌లోని (వివిధ భాషల అవసరాల కోసం పీహెచ్‌పీకి జతచేసే భాగం) గ్రాఫీమ్-స్ట్ర్‌లెన్ వాడాలి. ఒత్తులున్న మాటల విషయంలో ఇది కూడా సర్వర్‌లో ఉన్న, యూనికోడ్ పనులు చేసే ఐసీయూ లైబ్రరీ వెర్షన్‌ను బట్టి వేర్వేరు జవాబులు ఇస్తుంది కనుక, మీ సర్వర్ మీద ‘క్ష’తో ఒకసారి పరీక్షించి చూసుకోండి.

వార్త శీర్షికను 100 బైట్ల దగ్గర సబ్‌స్ట్ర్‌తో కత్తిరించారనుకోండి. మధ్యలో ఖాళీలు లేవనుకుంటే, 99 బైట్లకు 33 గుర్తులు సరిపోయి, వందవ బైటు తెగిపోయిన అక్షరపు ముక్కగా మిగులుతుంది. ఆ ముక్క తెరమీద ప్రశ్నార్థకం ఉన్న నల్లని డైమండ్‌గా కనబడుతుంది. అదే స్ట్రింగును జేసన్‌గా మార్చబోతే ఆ ఫంక్షన్ ఏ గొడవా చేయకుండా ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. అందుకే దానికి ఎర్రర్ వస్తే ఎక్సెప్షన్ విసరమనే ఆప్షన్‌ను ఎప్పుడూ జతచేయాలి. ఎంబీ-సబ్‌స్ట్ర్ వాడితే బైట్లు తెగవు కాని, ‘కి’లోని గుడి ఊడిపోయి ‘క’ మిగలవచ్చు. కత్తిరింపుకు గ్రాఫీమ్-సబ్‌స్ట్ర్ వాడి, వీలైతే దగ్గరలోని ఖాళీ వరకు వెనక్కి జరగడం చదువరికి మర్యాద.

జేసన్‌లో తెలుగు అక్షరాలు సహజంగా \ గుర్తుతో మొదలయ్యే ఆరేసి అక్షరాల సంకేతాలుగా మారిపోతాయి. ఫైలు పరిమాణం రెట్టింపవుతుంది, మనిషి చదవడానికి వీలుండదు. యూనికోడ్‌ను అలాగే ఉంచమనే ఆప్షన్ ఒకటి ఉంది, దాన్ని వాడండి.

వెదుకులాటలో మరో చిక్కు ఉంది. మన రాతలో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపేందుకు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం వాడతాం. పదం చివర అది ఉన్నా లేకున్నా ‘హైదరాబాద్’ కంటికి ఒకేలా కనబడుతుంది, === మాత్రం రెండూ వేరని ఖచ్చితంగా చెబుతుంది. ట్రిమ్ కూడా దాన్ని తొలగించదు. పైగా, అదే మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. కాబట్టి డేటాబేస్‌లో మూలపాఠాన్ని వచ్చినట్లే భద్రపరచి, వెదకడానికి మాత్రం ప్రత్యేకంగా మరో కాలమ్ పెట్టండి. అందులో నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకటిగా చేసే యూనికోడ్ రూపం) మార్చి, ఆ కనబడని అక్షరాన్ని తీసివేసిన పాఠాన్ని దాచండి. వెదికేవారు టైపు చేసిన మాటకూ ఇదే శుద్ధి జరగాలి.

పేర్లను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో తనిఖీ చేసేటప్పుడు యూనికోడ్‌ను సూచించే ‘యూ’ మాడిఫయర్ తప్పనిసరి. అక్షరాల వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే గుణింతాలు, పొల్లులు ఆ వర్గంలోకి రావు, ఫలితంగా సగం తెలుగు పేర్లు చెల్లవన్న సందేశం వస్తుంది. గుర్తుల వర్గాన్ని కూడా చేర్చాలి. తన పేరును తన భాషలో రాసుకున్న మనిషికి అది చెల్లని పేరని చెప్పే ఫారం కన్నా అవమానకరమైనది వెబ్‌లో మరొకటి లేదని నా ఉద్దేశం.

మైఎస్‌క్యూఎల్‌లో పట్టికలకూ, కనెక్షన్‌కూ కూడా యూటీఎఫ్8-ఎంబీ4 ఎంచుకోండి. పాత యూటీఎఫ్8 మూడు బైట్ల వరకే దాచగలదు. తెలుగు అందులో ఇమిడిపోతుంది కాబట్టి మీ పరీక్షలన్నీ నెగ్గుతాయి, ఎవరో వ్యాఖ్యలో ఒక ఇమోజీ పెట్టిన రోజున విఫలమవుతుంది.

తేదీలు, భద్రత, పనిముట్లు

టైమ్‌జోన్‌ను ఏషియా-కోల్‌కతాగా మీరే నిర్ణయించండి, లేకపోతే సమయం యూటీసీలో నడిచి ఐదున్నర గంటలు వెనుకబడుతుంది. తేదీని స్ట్రింగుగా ఇచ్చినప్పుడు, 05/06/2024 అని ఏటవాలు గీతలతో రాస్తే పీహెచ్‌పీ అమెరికా పద్ధతిలో మే 6 అనుకుంటుంది. 05-06-2024 అని అడ్డగీతలతో రాస్తే జూన్ 5 అనుకుంటుంది. మనవాళ్లు రెండు విధాలుగానూ రాస్తారు కనుక, ఊహకు వదలకుండా డేట్‌టైమ్ ఇమ్యూటబుల్ తరగతికి ఫార్మాట్‌ను స్పష్టంగా ఇచ్చి చదివించండి. జనవరి 31కి ఒక నెల కలిపితే, ఫిబ్రవరిలో 31 లేదు కనుక మార్చి నెల వస్తుంది. నెలవారీ చందాల లెక్క రాసేవారు ఇది ముందే చూసుకోవాలి.

భద్రత విషయంలో సూత్రాలు కొన్నే, మినహాయింపులు లేవు. డేటాబేస్ ప్రశ్నలో వేరియబుల్‌ను అతికించకండి, విలువలను విడిగా పంపే పీడీఓ (పీహెచ్‌పీలో డేటాబేస్‌తో మాట్లాడే భాగం) ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడండి. తెరమీదికి వెళ్లే ప్రతి విలువనూ హెచ్‌టీఎంఎల్-స్పెషల్-చార్స్ గుండా పంపండి. పాస్‌వర్డులకు ఎండీ5 వాడకుండా, 5.5 నుండి ఉన్న పాస్‌వర్డ్-హ్యాష్, పాస్‌వర్డ్-వెరిఫై జంటను వాడండి.

ఇతరులు రాసిన లైబ్రరీలు తెచ్చుకోవడానికి 2012లో వచ్చిన కంపోజర్ నేడు అందరూ వాడే సాధనం; సర్వర్‌లో ఏ వెర్షన్లు ఉండాలో దాని లాక్ ఫైలు నిర్ణయిస్తుంది కనుక దాన్ని కూడా కోడ్‌తోపాటు భద్రపరచండి. పీహెచ్‌పీ మాన్యువల్‌ను దగ్గర పెట్టుకోండి. మార్పులు జరిగిన ఫంక్షన్ల పేజీల్లో ఏ వెర్షన్‌లో ఏది మారిందో చెప్పే పట్టిక ఉంటుంది, పాత కోడ్ చదివేటప్పుడు అదే పెద్ద ఆధారం. తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలన్నిటినీ నడిపే మీడియావికీ కూడా ఈ భాషలోనే రాసినది, దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. పెద్ద పీహెచ్‌పీ ప్రాజెక్టు ఎలా ఉంటుందో చూడాలనుకునేవారు దాన్ని తెరిచి చదవవచ్చు.

పాత కోడ్ మీ చేతికి వచ్చినట్లయితే, అన్నిటినీ ఒకేసారి తిరిగి రాయాలన్న కోరికను అణచుకోండి. పాత కోడ్‌ను చాలావరకు నడవనిచ్చే ఓర్పు ఈ భాషకు ఉంది, ఆ ఓర్పును వాడుకోండి. ముందుగా 7.0లో తొలగించిన పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెదికి పీడీఓకు మార్చండి. అవి ఉన్నంతవరకు కొత్త వెర్షన్‌కు వెళ్లడం కుదరదు. తర్వాత కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు పట్టే పీహెచ్‌పీస్టాన్‌ను సున్నా స్థాయిలో నడపండి. అది వందలకొద్దీ తప్పులు చూపవచ్చు. వాటన్నిటినీ బేస్‌లైన్ ఫైలుగా రాసిపెట్టమని దానికే చెబితే, ఇకపై కొత్తగా రాసే వరుసల్లోని తప్పులను మాత్రమే చూపుతుంది. ఏదైనా పనిమీద ఒక ఫైలును ముట్టుకున్నప్పుడల్లా ఆ ఫైలుకు సంబంధించిన పాత తప్పులను సరిదిద్ది బేస్‌లైన్ నుండి తొలగించండి; ఆ జాబితా ఖాళీ అయ్యాక స్థాయిని ఒక్కటి మాత్రమే పెంచి, మళ్లీ కొత్త బేస్‌లైన్‌తో మొదలుపెట్టండి.